ఆర్వీ కొనేటప్పుడు డీలర్ మాటల్లో పడకుండా ఉండాలంటే

అమెరికాలో ఆర్వీ, అంటే మంచం, వంటగది ఉండే మోటర్‌హోమ్ గానీ ట్రక్కు వెనక లాక్కెళ్లే ట్రైలర్ గానీ, కొందామనుకునేవాళ్లు షోరూమ్‌లో అడుగు పెట్టకముందే తెలుసుకోవాల్సిన విషయం ఒకటుంది. సంతకం పెట్టేశాక వెనక్కి ఇచ్చేయడం కుదరదు. మూడు రోజుల్లోపు క్యాన్సిల్ చేసుకోవచ్చని చాలామంది నమ్మకంగా చెబుతుంటారు, కానీ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పెట్టిన ఆ కూలింగ్ ఆఫ్ రూల్ ముఖ్యంగా ఇంటికొచ్చి అమ్మేవాళ్ల కోసం, డీలర్ సొంత షోరూమ్‌లో కూర్చుని కొన్నదానికి అది వర్తించదు. పోనీ లోపాలున్న బండి కొన్నవాళ్ల కోసం ఉన్న లెమన్ లా కాపాడుతుందా అంటే అది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, చాలాచోట్ల మోటర్‌హోమ్ ఇంజిన్, ఛాసిస్ వరకే కవర్ అయ్యి లోపలి ఇంటి భాగం బయటే ఉండిపోతుంది, ట్రక్కు వెనక లాక్కెళ్లే ట్రైలర్లని అసలు లెక్కలోకే తీసుకోని రాష్ట్రాలూ ఉన్నాయి. అంటే మీ బలమంతా సంతకానికి ముందే. డీలర్‌కి ఇది మనకంటే బాగా తెలుసు. అందుకే అక్కడ ఇచ్చే కాఫీ నుంచి "మా మేనేజర్‌ని ఓసారి అడిగొస్తా" అనే మాట దాకా అన్నీ ఈరోజే సంతకం పెట్టించడానికే. కాబట్టి మీరు పెట్టుకోవాల్సిన నియమం కూడా ఒకటే: మొదటిసారి వెళ్లిన రోజు ఏమీ కొనకూడదు, ఎంత నచ్చినా సరే.

ఆ మొదటి రోజు బండి చూడటానికి మాత్రమే. లోపలికి వెళ్లిన మొదటి నిమిషంలోనే "చూడటానికే వచ్చాం, ఈరోజు కొనం" అని చెప్పేయండి, మొహమాటపడొద్దు. మంచం మీద పడుకుని చూడండి, షవర్‌లో నిలబడండి, స్లైడ్‌లు (గోడతో సహా బయటికి జరిగి గదిని వెడల్పు చేసే భాగాలు) మూసేస్తే బాత్రూమ్‌కి, ఫ్రిజ్‌కి దారి ఉంటుందో లేదో చూడండి, ఎందుకంటే దారిలో రెస్ట్ ఏరియాలో ఆగినప్పుడు స్లైడ్ తెరవడానికి చోటుండదు. డ్రైవింగ్ లైసెన్స్ అడిగితే ఫోటో తీసుకోమని వెంటనే వెనక్కి తీసుకోండి, పాత బండి విలువ కడతామని తాళాలు పట్టుకెళ్తే అవి ఎప్పుడొస్తాయో అడగండి. లైసెన్సూ తాళాలూ వాళ్ల దగ్గర ఉన్నంతసేపు మీరు లేచి వెళ్లలేరు. మోడల్ పేరు, స్టాక్ నంబర్ ఫోటో తీసుకుని బయటికొచ్చేయండి.

ధర ఇంట్లో కూర్చునే తేల్చుకోండి

ఆర్వీ మీద అంటించే ఎమ్మెస్సార్పీని, అంటే తయారీ కంపెనీ సూచించిన ధరని, కారు ఎమ్మెస్సార్పీలా చూడకండి. తగ్గించి చూపించడానికే పెంచి వేసిన అంకె అది. మార్కెట్ మామూలుగా ఉన్నప్పుడు ట్రావెల్ ట్రైలర్లు ఆ స్టిక్కర్ ధర కంటే 20 నుంచి 30 శాతం తక్కువకి అమ్ముడుపోవడం మామూలే. అందుకే 60,000 డాలర్ల స్టిక్కర్ కొట్టేసి ఎర్ర పెన్నుతో 50,000 అని రాస్తే మురిసిపోవద్దు, అది పదహారూ పదిహేడు శాతమే. పాత మోడల్ సంవత్సరం బండి ఇంకా లాట్‌లో ఉంటే అక్కడ మీకు ఇంకా గట్టిగా బేరమాడే వీలుంటుంది, దాన్ని వదిలించుకోవాలనే తొందర వాళ్లకే ఎక్కువ.

"ఈ మోడల్ ఈ చుట్టుపక్కల మా దగ్గరే దొరుకుతుంది" అంటారు చూడండి, అక్కడ ఒక చిన్న రహస్యం ఉంది. అమెరికాలో ఆర్వీల తయారీలో ఎక్కువ భాగం ఇండియానా రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్ చుట్టూనే జరుగుతుంది, బ్రాండ్ పేర్లు ఎన్ని కనబడినా వెనకున్న పెద్ద కంపెనీలు థోర్, ఫారెస్ట్ రివర్, విన్నెబేగో లాంటివి కొన్నే. జేకో, కీస్టోన్, ఎయిర్‌స్ట్రీమ్ మూడూ థోర్ చేతిలోవే. ఒకే ఊళ్లో ఇద్దరు డీలర్లకి అమ్ముకునే వీలుండాలని ఈ కంపెనీలు దాదాపు ఒకే బండిని రెండు పేర్లతో వదులుతుంటాయి. ఫారెస్ట్ రివర్‌లో సేలమ్, వైల్డ్‌వుడ్ అలాంటి కవలలే. థోర్‌లో ఫోర్ విండ్స్, షాటో కూడా అంతే. స్టిక్కర్లు, సోఫా రంగులు వేరు, ఫ్లోర్ ప్లాన్ నంబర్ చూస్తే దొరికిపోతుంది. మీకు నచ్చినదాని కవల ఏదో కనుక్కుంటే "మా దగ్గరే" అన్న మాటకి విలువుండదు, ధర అడగడానికి ఇంకో నలుగురు డీలర్లు దొరుకుతారు.

ఆ అడగడం కూడా ఈమెయిల్‌లోనే చేయండి. దీనికోసం కొత్త ఈమెయిల్ అడ్రస్ ఒకటి తెరుచుకోండి, అసలు ఫోన్ నంబర్ ఇవ్వొద్దు, ఇచ్చారంటే నెలల తరబడి మోగుతూనే ఉంటుంది. నాలుగైదుగురు డీలర్లకి ఒకటే మెసేజ్: "ఫలానా స్టాక్ నంబర్ బండికి, నా జిప్ కోడ్‌కి, పన్ను, టైటిల్, రిజిస్ట్రేషన్, ఫ్రెయిట్, ప్రెప్, డాక్ ఫీజు అన్నీ కలిపి అవుట్ ది డోర్ ధర ఎంతో విడివిడిగా రాసి పంపండి. నా దగ్గర ట్రేడ్ ఇన్‌కి ఇచ్చే పాత బండి లేదు, ఫైనాన్స్ నేనే చూసుకుంటా." కొందరు "షోరూమ్‌కి రండి, మాట్లాడుకుందాం" అని జవాబిస్తారు. వాళ్లని వదిలేయండి, కాగితం మీద అంకె రాయడానికి ఇష్టపడనివాళ్లు ఎదురుగా కూర్చున్నాక మంచి ధర ఇస్తారనుకోవడం భ్రమ. వచ్చిన జవాబుల్లో కింద ఉన్న మొత్తం ఒక్కటే పోల్చండి. ఎందుకంటే ఒకడు బండి ధర తగ్గించి ప్రెప్ ఫీజు 1,500 వేస్తాడు, ఇంకొకడు ఫ్రెయిట్, అంటే ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన రవాణా ఖర్చు, విడిగా చూపిస్తాడు. పన్ను, టైటిల్, రిజిస్ట్రేషన్ ప్రభుత్వానికి పోయేవి, వాటిలో బేరం లేదు. డాక్ ఫీజంటే కాగితాల పనికి డీలర్ వేసేది, దాని మీద కొన్ని రాష్ట్రాల్లో పరిమితి ఉంది, లేనిచోట నోటికొచ్చినంత. ప్రెప్ ఫీజంటే బండిని కడిగి, సరిచూసి మీకు అప్పగించడానికి వేసేది, అమ్మేవాడు ఎలాగూ చేయాల్సిన పనే. తీసేయమని అడగండి, తీయనంటే అంత మొత్తం బండి ధరలో తగ్గించమనండి.

నెలకి ఎంత కట్టగలరు అన్న ప్రశ్న

షోరూమ్‌లో కూర్చున్నాక వాళ్లు తెచ్చే కాగితం నాలుగు గళ్లుగా గీసి ఉంటుంది. ఒక గడిలో బండి ధర, పక్కన మీ పాత బండికి ఇచ్చే ధర, కింద డౌన్ పేమెంట్, నాలుగోదాంట్లో నెలవారీ కిస్తీ. దీన్నే ఫోర్ స్క్వేర్ అంటారు. మీరు కిస్తీ ఎక్కువంటే ఆ గడిలో అంకె కొట్టేసి చిన్నది రాస్తారు, అదే సమయంలో పాత బండి గడిలో వెయ్యి తగ్గుతుంది లేదా లోన్ పదిహేనేళ్ల నుంచి ఇరవై ఏళ్లకి జరుగుతుంది, జరిగినట్టు మీకు గట్టిగా చెప్పరు. ఒక గడిలో గెలిచామన్న సంతోషంలో ఇంకో గడి వైపు చూడం.

లెక్క వేసి చూద్దాం. 50,000 డాలర్ల లోన్, ఎనిమిదిన్నర శాతం వడ్డీ. పదిహేనేళ్లకైతే నెలకి దాదాపు 492 డాలర్లు, ఇరవై ఏళ్లకైతే 434. నెలకి 58 డాలర్లు తగ్గిందని సేల్స్‌మ్యాన్ మీకేదో మేలు చేసినట్టు చెబుతాడు. కానీ మొత్తం కట్టేది చూస్తే మొదటిది 88,600 దగ్గర ఆగుతుంది, రెండోది లక్షా నాలుగు వేలు దాటుతుంది. పదిహేను వేలకి పైగా తేడా, అదీ ఏటేటా విలువ పడిపోయే బండి మీద. అసలు మెల్లగా తీరుతూ, బండి విలువ గబగబా పడిపోతూ ఉంటే కొన్నేళ్ల పాటు మీరు బ్యాంకుకి బాకీ ఉన్నది బండి ఖరీదు కంటే ఎక్కువగానే ఉంటుంది. ఆ మధ్యలో ఉద్యోగం మారిందనో, పిల్లలకి సరదా తీరిందనో అమ్మాలంటే చేతి నుంచి ఎదురు కట్టాలి.

అందుకని "నెలకి ఎంత అనుకుంటున్నారు" అని ఎన్నిసార్లు అడిగినా జవాబు ఒకటే ఉండాలి, "మొత్తం ధర తేలాక మాట్లాడదాం." పాత బండి ఉంటే దాని సంగతి చివర్లో ఎత్తండి, అదీ జేడీ పవర్ సైట్‌లో విలువ చూసుకుని, వీలైతే వేరేచోట ఎంతకి కొంటారో రాయించుకున్నాక.

ఇక "ఈ ధర ఈ సాయంత్రం వరకే", "ఇంకో ఫ్యామిలీ రేపు వస్తామన్నారు", "వచ్చే నెల ఫ్యాక్టరీ ధర పెంచుతోంది" ఇవన్నీ విన్నప్పుడు వాదించక్కర్లేదు. "సరే, అదే ధర మెయిల్‌లో పెట్టండి, రేపు చెబుతాం" అని లేవండి. చాలాసార్లు మర్నాడు మెయిల్ వాళ్ల నుంచే వస్తుంది, నిజంగా ఆ ఒక్క బండి అమ్ముడుపోయినా దాని కవల ఇంకోచోట ఉంటుంది. ఆర్వీ షోల్లో చెప్పే షో స్పెషల్ ధర కూడా ఇలాంటిదే. షోకి వెళ్లడం మంచిదే, ఒకే చోట చాలా లేఅవుట్లు చూడొచ్చు, చెక్‌బుక్ మాత్రం ఇంట్లో పెట్టి వెళ్లండి. డిపాజిట్ ఇవ్వాల్సి వస్తే క్రెడిట్ కార్డు మీదే ఇవ్వండి, "పూర్తిగా వాపసు ఇస్తాం" అన్న ముక్క రసీదు మీద రాయించుకోండి.

మన దగ్గర ఇంకో ఇబ్బంది ఉంది. ఒక మనిషి మూడు గంటలు మన వెంట తిరిగి, పిల్లలకి చాక్లెట్లు ఇచ్చి, వానలో గొడుగు పట్టి చూపించాక వద్దని చెప్పడానికి మనసొప్పదు. వాళ్ల శిక్షణలోనే ఉంటుంది ఇది. భార్యాభర్తలిద్దరూ వెళ్తుంటే ముందే అనుకోండి, ఇద్దరిలో ఎవరికి ఇక చాలనిపించినా రెండోవాళ్లు మారుమాట్లాడకుండా లేచి రావాలని. సేల్స్‌మ్యాన్ ముందు "నాకైతే ఇదే కావాలి" అన్న మాట మాత్రం ఇద్దరిలో ఎవరి నోటా రాకూడదు.

"మీ ట్రక్కు దీన్ని ఈజీగా లాగేస్తుంది"

డబ్బు పోవడం ఒక ఎత్తు, ఈ మాట నమ్మడం ఇంకో ఎత్తు. దీనివల్ల హైవే మీద ప్రాణం మీదకి వస్తుంది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

సేల్స్‌మ్యాన్ చూపించేది ట్రక్కు టోయింగ్ కెపాసిటీ, ట్రైలర్ డ్రై వెయిట్. "మీది 9,500 పౌండ్లు లాగుతుంది, ఇది 5,800, ఇంకా బోలెడంత మార్జిన్." వినడానికి బాగుంటుంది. ఇప్పుడు మీ ట్రక్కు డ్రైవర్ వైపు తలుపు తెరిచి, తలుపు పక్కన పిల్లర్ మీద ఉన్న స్టిక్కర్ చూడండి. టైర్ల గాలి వివరాలతో పాటు, మనుషులూ సామానూ కలిపి ఎన్ని పౌండ్లు దాటకూడదో దాని మీద రాసి ఉంటుంది. అదే పేలోడ్, మీ బండికి ప్రత్యేకంగా వేసిన అంకె. 1,550 ఉందనుకోండి. నలుగురు మనుషులు 600, ట్రైలర్‌ని ట్రక్కుకి తగిలించే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ ఒక 100, వెనక బెడ్‌లో కూలర్, టూల్స్, కుర్చీలు ఒక 150. మిగిలింది 700. ట్రైలర్ ముందు భాగం హిచ్ మీద మోపే బరువు, అంటే టంగ్ వెయిట్, ఈ 700లోనే సరిపోవాలి.

డ్రై వెయిట్ అంటే నీళ్లు, గిన్నెలు, బట్టలు ఏవీ లేని ఖాళీ బండి, చాలాసార్లు బ్యాటరీ, గ్యాస్ కూడా అందులో ఉండవు. నీళ్లు గ్యాలన్‌కి 8.3 పౌండ్లు, 50 గ్యాలన్ల ట్యాంకు నింపితే అదొక్కటే 415. ప్రయాణానికి సిద్ధమయ్యేసరికి ఆ 5,800 ట్రైలర్ 7,000 చేరడం వింతేమీ కాదు. టంగ్ వెయిట్ ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి, అంతకంటే తగ్గితే ట్రైలర్ పాములా ఊగుతుంది. పన్నెండున్నర శాతం వేసుకున్నా 875. మీకు మిగిలింది 700. టోయింగ్ కెపాసిటీ ఇంకా 2,500 పౌండ్లు మిగిలే ఉంది, పేలోడ్ మాత్రం దాటిపోయింది. ట్రక్కు బెడ్‌లోనే తగిలించే ఫిఫ్త్ వీల్ ట్రైలర్ అయితే ట్రక్కు మీద పడేది 15 నుంచి 25 శాతం దాకా ఉంటుంది కాబట్టి ఇంకా జాగ్రత్త.

ఈ లెక్క ట్రైలర్ జీవీడబ్ల్యూఆర్‌తో, అంటే నిండుగా ఉన్నప్పుడు దాటకూడని బరువుతో, ఇంట్లోనే వేసుకుని వెళ్లండి. ఎదురుగా వేసి చూపిస్తే మంచి సేల్స్‌మ్యాన్ ఒప్పుకుంటాడు. "అందరూ ఇలాగే లాగుతున్నారండీ" అన్నవాడి దగ్గర కొనొద్దు.

అల్ట్రా లైట్, హాఫ్ టన్ టోవబుల్ (మామూలు పికప్ కూడా లాగగలదని), ఫోర్ సీజన్ ఇవన్నీ అమ్మకం మాటలే, వీటికి అందరూ ఒప్పుకున్న కొలమానం లేదు. తలుపు పక్కన ఉండే, ఆర్వీ పరిశ్రమ సంఘమైన ఆర్‌వీఐఏ సీల్ చూపించి "సర్టిఫైడ్ క్వాలిటీ" అన్నా అంతే. ఆ సీల్ కరెంటు, గ్యాస్, ప్లంబింగ్, అగ్నిప్రమాద భద్రత ప్రమాణాలకి సంబంధించింది, పనితనానికి కాదు.

ఫైనాన్స్ గది

ధర తేలింది, చేతులు కలిపారు, అంతా అయిపోయిందనుకుంటారు. అసలు లాభం చాలాసార్లు ఇక్కడే వస్తుంది వాళ్లకి. మీరు అలిసిపోయి ఉంటారు, పిల్లలు ఆకలంటుంటారు, ఎదురుగా ఉన్నాయన చాలా మర్యాదగా ఒక్కో కాగితం తిప్పుతూ ఉంటాడు.

వెళ్లేముందే ఏదైనా క్రెడిట్ యూనియన్ నుంచి లోన్ ప్రీ అప్రూవల్ తీసుకుని వెళ్లండి. డీలర్ ద్వారా వచ్చే లోన్‌లో బ్యాంకు ఇచ్చిన వడ్డీ మీద డీలర్ తన వాటా కలుపుకోవచ్చు, మీకు చెప్పక్కర్లేదు. 40,000 డాలర్లకి పదిహేనేళ్ల మీద 7 శాతానికీ 9 శాతానికీ తేడా నెలకి 46 డాలర్లే, మొత్తం మీద 8,300. మీ చేతిలో ఇంకో ఆఫర్ ఉంటే వాళ్లే దిగొస్తారు. అంతకంటే తక్కువకి ఇస్తే తీసుకోండి, తప్పేం లేదు.

తర్వాత ఎక్స్‌టెండెడ్ వారంటీ, గ్యాప్ ఇన్సూరెన్స్ (బండి పూర్తిగా పోతే దాని విలువకీ లోన్ బాకీకీ మధ్య తేడా కట్టేది), పెయింట్ ప్రొటెక్షన్, సోఫా ప్రొటెక్షన్, టైర్ అండ్ వీల్, నైట్రోజన్ గాలి వరసగా వస్తాయి. "రోజుకి ఒక్క డాలరే" అంటారు, ఇరవై ఏళ్లకి రోజుకో డాలరంటే 7,300. ఎక్స్‌టెండెడ్ వారంటీ అంటున్నది నిజానికి సర్వీస్ కాంట్రాక్ట్, దాని ధరలో కూడా బేరం ఉంది, అన్నిటికంటే ముఖ్యంగా ఆరోజే కొనాల్సిన పని లేదు. నిజంగా కావాలనుకుంటే కాంట్రాక్ట్ కాపీ ఇంటికి తెచ్చుకుని ఏవి కవర్ కావో రాసిన పేజీ చదవండి, నీళ్లు లీకై పాడైనవి చాలావాటిలో ఉండవు. "ఇది తీసుకుంటేనే బ్యాంకు లోన్ ఇస్తుంది" అంటే అది ఏ కాగితంలో ఉందో చూపించమనండి, లేదా అక్కడే కూర్చుని బ్యాంకుకి ఫోన్ చేయండి. "వడ్డీ మీద ట్యాక్స్ మినహాయింపు వస్తుంది" అన్న మాట పూర్తిగా అబద్ధం కాదు, మంచం, వంటగది, టాయిలెట్ ఉన్న ఆర్వీ రెండో ఇల్లు కింద లెక్కకి వస్తుంది. కానీ పన్ను లెక్కలో మినహాయింపులు ఒక్కోటీ విడిగా చూపించేవాళ్లకే, అంటే ఐటమైజ్ చేసేవాళ్లకే అది పనికొస్తుంది, ఎక్కువమంది స్టాండర్డ్ డిడక్షన్ తీసుకుంటారు కాబట్టి వాళ్లకి రూపాయి లాభం ఉండదు.

లోన్ కాగితంలో చట్టప్రకారం వేయాల్సిన నాలుగు గళ్లు ఉంటాయి: ఏపీఆర్ (ఫీజులతో కలిపి ఏడాది వడ్డీ రేటు), ఫైనాన్స్ ఛార్జ్ (అప్పుకయ్యే మొత్తం ఖర్చు), అప్పుగా తీసుకున్న మొత్తాన్ని చూపే అమౌంట్ ఫైనాన్స్‌డ్, టోటల్ ఆఫ్ పేమెంట్స్. మూడోదాన్ని మెయిల్‌లో ఒప్పుకున్న ధరలోంచి డౌన్ పేమెంట్ తీసేసిన అంకెతో సరిచూడండి. పెరిగిందంటే మీరు వద్దన్నది ఏదో లోపల కలిసింది. లోన్ పూర్తిగా ఖాయం కాకుండా బండి ఇంటికి తీసుకెళ్లమంటే వద్దనండి, వారం తర్వాత "ఆ లోన్ రాలేదు, వడ్డీ ఇంకో రెండు శాతం ఎక్కువ" అని ఫోన్ వచ్చే దారి అదే.

బండి సరిచూసుకోకుండా డబ్బు కట్టొద్దు

కొత్త ఆర్వీకి కూడా తనిఖీ కావాలి. ఫ్యాక్టరీలో గబగబా బిగించి పంపేవి, డీలర్ దగ్గర పైపైన చూసి కడిగేసేవి ఎక్కువ. డెలివరీ రోజున అరగంట వాక్‌త్రూ ఇచ్చి సంతకం అడుగుతారు, మీరు మాత్రం నాలుగు గంటలైనా తీసుకుంటామని ముందే మెయిల్‌లో రాసి ఒప్పించండి. కరెంటు, నీళ్లు, గ్యాస్ మూడూ కలిపి ఉంచమనండి. గ్యాస్ మీద నడిచే రకం ఫ్రిజ్ చల్లబడటానికి గంటలు పడుతుంది, అందుకని ముందురోజు రాత్రే ఆన్ చేయమనండి. స్లైడ్‌లు, ఆనింగ్, హీటర్, ఏసీ, వేడినీళ్లు, స్టవ్ అన్నీ మీ చేత్తో నడిపి చూడండి. సింకుల కింద, టాయిలెట్ వెనక టిష్యూ పేపర్‌తో తుడిచి తడి ఉందేమో చూడండి. మూలల్లో నేల కాలితో నొక్కితే మెత్తగా ఉంటే, బయటి గోడ మీద పొక్కులాంటి ఉబ్బు కనిపిస్తే లోపలికి నీళ్లు దిగినట్టే, ఆ బండి వదిలేయండి. పైకప్పు ఎక్కి సీలెంట్ చూడాలి. టైర్ మీద డాట్ కోడ్ చివరి నాలుగంకెల్లో మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం, కొత్తదన్న బండికి మూడేళ్ల నాటి టైర్లు ఉంటే మార్చమని అడగొచ్చు. మీకు ఇదంతా కష్టమనిపిస్తే ఆర్వీ ఇన్‌స్పెక్టర్ల సంఘం ఎన్‌ఆర్‌వీఐఏ సర్టిఫికెట్ ఉన్న ఇన్‌స్పెక్టర్‌ని డీలర్‌తో సంబంధం లేకుండా మీరే పెట్టుకోండి. వాడిన బండైతే ఇది తప్పనిసరి. ఇన్‌స్పెక్టర్‌ని లాట్‌లోకి రానివ్వం అంటే అక్కడ కొనకపోవడానికి ఆ ఒక్క మాట చాలు.

కనబడిన లోపాల గురించి "ముందు తీసుకెళ్లండి, వారంటీలో చేసేస్తాం" అంటారు. ఒప్పుకోకండి. డబ్బు ముట్టాక సర్వీస్ అపాయింట్‌మెంట్ వేసవిలో వారాల తరబడి దొరకదు, ఫ్యాక్టరీ వారంటీ చాలా బ్రాండ్లకి ఏడాదే, బండి వాళ్ల యార్డులో ఉన్నన్నాళ్లూ మీ కిస్తీ నడుస్తూనే ఉంటుంది. చేయించాకే సంతకం. చిన్నచిన్నవి మిగిలితే డ్యూ బిల్ అనే కాగితం మీద ఒక్కోటీ రాసి, ఎప్పటిలోగా చేస్తారో తేదీ వేసి, మేనేజర్ సంతకం తీసుకోండి. నోటిమాటగా ఇస్తామన్న బ్యాటరీ, హిచ్, కవర్ కూడా అందులోకే ఎక్కాలి. కాంట్రాక్టులో "రాతపూర్వకంగా లేనిదేదీ చెల్లదు" అన్న వాక్యం దాదాపు ఎప్పుడూ ఉంటుంది.

ఇప్పటికే సంతకాలు పెట్టేసి ఇది చదువుతున్నవాళ్లకి ఒక మాట. బండి వెనక్కి ఇవ్వలేకపోయినా, సర్వీస్ కాంట్రాక్ట్, గ్యాప్ లాంటివి చాలావరకు తర్వాత కూడా రద్దు చేసుకోవచ్చు, మొదటి 30 రోజుల్లో అయితే పూర్తి డబ్బు ఇచ్చేవి కూడా చాలా ఉంటాయి, ఆ తర్వాత మిగిలిన కాలానికి తగ్గట్టు ఇస్తారు. కాంట్రాక్టులో క్యాన్సిలేషన్ అన్న భాగం వెతికి, డీలర్‌కీ, అందులో అడ్మినిస్ట్రేటర్‌గా రాసి ఉన్న కంపెనీకీ ఇద్దరికీ రాతపూర్వకంగా పంపండి, కాపీ దాచుకోండి. లోన్‌లో కలిపి కొన్నట్టయితే ఆ డబ్బు మీ చేతికి రాదు, లోన్ అసల్లో తగ్గుతుంది, నెల కిస్తీ అంతే ఉంటుంది. రెండు నెలల తర్వాత బ్యాంకు స్టేట్‌మెంట్ తెరిచి ఆ మొత్తం నిజంగా జమ అయిందో లేదో చూసుకోండి, కాకపోతే డీలర్‌ని మళ్లీ అడగండి.